జాబితాలో లేని పదో మనిషి

మా విడవలూరు వైపు పిల్లలు మిలిటరీలో చేరే ముందు నా దగ్గరికి వచ్చి పోతుంటారు. పరుగు ఎన్ని నిమిషాల్లో పూర్తి చేయాలి, ఛాతీ ఎంత ఉండాలి, కంటి పరీక్షలో ఏం చూస్తారు అని అడుగుతారు. నాకు తెలిసినంత చెప్తాను. అవన్నీ నా రోజులతో పోలిస్తే ఈపాటికి మారిపోయి కూడా ఉంటాయి. లోపలికి పోయాక పని ఎలా ఉంటుందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగినా వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. అందుకని ఒకసారి కూర్చుని రాసి పెడుతున్నాను.

నా పేరు పెంచలయ్య. యాభైల చివర్లో చేరాను. సరుకు మోసే విమానాల దగ్గర నేల మీద పని చేశాను. నాకు ఏ ఏడు ఏ పట్టీ వచ్చిందో, ఏ పతకం ఇచ్చారో ఇందులో రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

పని ఏమిటంటే

ఉత్తరాన మంచు కొండల మీద మన జవాన్ల శిబిరాలు ఉండేవి. వాటికి రోడ్డు లేదు. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, బూట్లు, గుడారాలు, అన్నీ ఆకాశం నుంచి పడాల్సిందే. కొండల అంచున మైదానంలో మా ఎయిర్‌ఫీల్డు. పొద్దున పూట డకోటా విమానాలు బస్తాలు నింపుకొని పైకి పోయేవి. శిబిరం మీదికి వచ్చాక లోపల ఉన్న జవాన్లు బస్తాలను బయటికి తోసేవాళ్ళు. పగిలిపోయే సామాన్లకు పారాచూట్ కట్టేవాళ్ళు. మేమందరం దాన్ని గొడుగు అనేవాళ్ళం. తోయడానికి వీలుగా ఆ విమానాలకు వెనక తలుపు ఊడదీసి ఉండేది. తలుపు లేని విమానంలో మంచు కొండల మీద తిరగడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

విమానంలోకి ఏం ఎక్కింది, ఎంత బరువు, ఎవరెవరు ఎక్కారు అన్నది చూసి జాబితా రాయడం నా పని. ఒక ప్రతి పైలట్‌కి, ఒకటి ఆఫీసుకి. వినడానికి గుమాస్తా పనిలాగా ఉంటుంది. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

నాకు పని నేర్పింది సార్జెంట్ పిళ్ళై గారు. తిరునెల్వేలి వైపు మనిషి. చేరిన కొత్తల్లో నేను గుడారాల బరువును పుస్తకంలో ఉన్నట్టే వేసేశాను. ముందు రోజంతా వాన కురిసి అవి తడిసి ఉన్నాయి. ఆ విమానం రన్‌వే చివరిదాకా పోయి, చెట్ల కొనలు తగులుతాయేమో అన్నంత కిందుగా లేచింది. తిరిగి వచ్చాక పైలట్, సన్నటి మనిషి, నన్ను కేకలు వేయలేదు. మిగిలిపోయిన తడి గుడారాల దగ్గరికి తీసుకుపోయి, "ఒకటి ఎత్తు" అన్నాడు. నా వల్ల కాలేదు. "నా విమానం ఇలాంటివి నలభై ఎత్తింది" అని వెళ్ళిపోయాడు. పిళ్ళై గారు మాత్రం ఆ సాయంత్రం చెవులు మెలేశారు. "నువ్వు కాగితం మీద తగ్గించి రాస్తే కొండ తగ్గుతుందా పెంచలయ్యా?" అన్నారు.

ఆ తరవాత బరువు విషయంలో నేను పొరపాటు చేయలేదు. నేను చేసిన పెద్ద పొరపాటు బరువుది కాదు.

ఖాదర్ బాషా

గొడుగులు మడిచి కట్టే సెక్షన్‌లో ఖాదర్ బాషా ఉండేవాడు. గూడూరువాడు. తండ్రి దర్జీ, అన్న దర్జీ. ఇతనూ చిన్నప్పటినుంచి మిషను తొక్కినవాడే. చిరిగిన గొడుగును అతను కుట్టాక కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. అంత దూరంలో మన నెల్లూరు జిల్లా మాట వినిపిస్తే మనిషి ఎలా అతుక్కుపోతాడో బయట ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుసు. నాకంటే రెండేళ్ళు చిన్న. "పెంచలన్నా" అని పిలిచేవాడు.

అతనికి చలి అంటే గిట్టేది కాదు. "ఏం చలన్నా ఇది, ఎముకల్లోకి దూరి కూర్చుంటాది. మా గూడూరులో నిమ్మకాయల బండ్ల కాడ ఎండలో నిలబడినా ఇంతకన్నా మేలే" అనేవాడు. ఆ ఏడే సెలవులో పోయి పెళ్ళి చేసుకొని వచ్చాడు. పిల్ల పేరు జైనాబీ. రెండు నెలలు కాపురం చేసి తిరిగొచ్చాడు. ఆ అమ్మాయికి చదువు రాదు. ఖాదర్ వాళ్ళన్న రసూల్ చేత రాయించిన ఉత్తరాలు వచ్చేవి. అన్న చేతిరాతలో పెళ్ళాం మాటలు చదువుకోవడానికి సిగ్గుపడి, వాటిని నా చేత చదివించుకునేవాడు. నాకు మాత్రం సిగ్గుండదా అని నేను కసురుకునేవాణ్ణి. అయినా చదివేవాణ్ణి.

ఆ ఉదయం

సరిహద్దులో యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం అది. ముందు రోజు వేసిన గొడుగుల్లో చాలా వరకు సరిగా విచ్చుకోలేదని పై శిబిరం నుంచి కబురు వచ్చింది. కిరసనాయిలు డబ్బాలు పగిలి మంచులో కలిసిపోయాయట. మా లోడింగ్ ఆఫీసరుకు అది చాలా అవమానంగా ఉంది. కష్టపడే మనిషే ఆయన, మాకంటే ముందు వచ్చి మాకంటే వెనక పోయేవాడు.

ఆ ఉదయం మొదటి విమానం సిద్ధమైంది. నడిపేవాళ్ళు నలుగురు, బస్తాలు తోసే జవాన్లు అయిదుగురు, మొత్తం తొమ్మిది పేర్లు. జాబితా రాసి ఒక ప్రతి పైలట్‌కి ఇచ్చేశాను, రెండోది ఆఫీసుకు పోయింది. ఇంజన్లు మొదలయ్యాయి. ఖాదర్ బాషా గొడుగుల ముళ్ళు చివరిసారి చూడటానికి విమానం దగ్గరే ఉన్నాడు. ఆఫీసరు అతన్ని చూపించి నాతో, "ఇతన్ని కూడా ఎక్కించు. గొడుగు ఎక్కడ చిక్కుకుంటోందో పై నుంచి చూసి వస్తాడు" అన్నాడు.

"జాబితా మళ్ళీ రాయాలి సార్" అన్నాను.

"పది దాటితే కొండ మీద మబ్బు కమ్ముకుంటుంది. నీ జాబితా కోసం మబ్బు ఆగుతుందా? ఎక్కించు. వెనకాల రాసుకో."

నేను సరే సార్ అన్నాను. అది ఆజ్ఞ కాబట్టి అన్నానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి ఇంజను హోరులో వాదించడం విసుగనిపించి అన్నాను.

ఖాదర్ బాషా నవ్వాడు. "నేనా? పైకా? మిద్దె మీద నిలబడితేనే నాకు కళ్ళు తిరగతాయన్నా" అన్నాడు. అయినా ఎక్కాడు. తలుపు లేని విమానంలో పనిచేసేవాడికి నడుముకు పట్టీ కట్టి, దాని కొక్కేన్ని విమానం గోడకున్న కడ్డీకి తగిలించాలి. తూలినా బయట పడకుండా. అతనికి అలవాటు లేదు కాబట్టి నేనే లోపలికి ఎక్కి కట్టాను. రెండుసార్లు లాగి చూశాను.

"ఇంత గట్టిగానా? ఊపిరాడద్దా?" అన్నాడు.

"రెండు గంటల్లో వచ్చేస్తావు, ఓర్చుకో" అన్నాను.

దిగి వచ్చి విమానం ముక్కు ఎదుట నిలబడి, ఎంతమంది అన్నట్టు పైలట్ సైగ చేస్తే రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళు చూపించాను. ఆయన తల ఊపాడు. విమానం పోయింది. నేను ఆఫీసుకు పోయి పదో పేరు రాయాలి. నడిచిపోయి రాసి రావడానికి అయిదు నిమిషాలు. ఈలోగా రెండో విమానానికి సరుకు లారీ వచ్చింది. దాని పనిలో పడిపోయాను.

పదకొండుకు రావాల్సిన విమానం రాలేదు. పన్నెండున్నరకు దాని పెట్రోలు అయిపోయే వేళ దాటిందని అందరికీ తెలిసింది. నేను ఆఫీసరు దగ్గరికి పోయి, "సార్, ఖాదర్ బాషా పేరు ఎక్కలేదు" అన్నాను.

"తెలుసు. నేను చూసుకుంటాను. నువ్వు ఎక్కడా మాట్లాడకు" అన్నాడు.

కొండ మీద

మూడు రోజులు మబ్బు విడవలేదు. నాలుగో రోజు వెతకడానికి పోయిన విమానం ఒకటి, మంచు మీద తోక లాంటిది ఏదో చూశామని చెప్పింది. నడిచిపోయే దళంలో నన్నూ వేశారు. సరుకునీ మనుషులనూ గుర్తుపట్టగలవాడు ఒకడు కావాలి కదా.

ఎనిమిది రోజులు నడిచాం. నేను సముద్రానికి మూడు మైళ్ళ దూరంలో పుట్టినవాణ్ణి. మా ఊరి ఇసకలో నడిచే కాళ్ళకు ఆ మంచు అర్థం కాలేదు. అడుగు వేస్తే తొడ దాకా దిగేది. నాలుగు అడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆ కొండల మనుషులు మా సామాను మోస్తూ మాకంటే ముందు పోయి, మా కోసం కూర్చుని ఉండేవాళ్ళు. నా ఎడమ కాలి చిటికెన వేలు అక్కడే చచ్చుపడింది, తరవాత తీసేశారు.

తొమ్మిదో రోజు ఉదయం తోక కనిపించింది. మంచులో నిలువుగా గుచ్చుకొని ఉంది. చుట్టూ ఉప్పు బస్తాలు పగిలి పడి ఉన్నాయి. ఉప్పేదో మంచేదో తెలియలేదు. తోక దగ్గర ఇద్దరు జవాన్లు దొరికారు. ఇద్దరి పేర్లూ నా జాబితాలో ఉన్నవే. విమానం ముందు భాగమంతా కింద లోయలోకి జారిపోయి, దాని మీద పెద్ద మంచు చరియ విరిగిపడి ఉంది. మా నాయకుడు సుబేదార్ దుర్భిణితో చాలాసేపు చూసి, "ఇది తవ్వేది కాదు" అన్నాడు. ఎండ ఎక్కేకొద్దీ పైనున్న మంచు కూడా కదులుతోంది. ఆ ఇద్దరినీ అక్కడే ఉంచి, మీద రాళ్ళు పేర్చాం. ఎవరి మతం మాటలు వాళ్ళం అనుకున్నాం. గంట కూడా ఉండకుండా దిగిపోయాం.

మా వైపు సముద్రంలో పోయినవాణ్ణి రెండు మూడు రోజుల్లో సముద్రమే ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది. ఏ స్థితిలో తెచ్చినా ఇంటివాళ్ళకు ఏడవడానికి ఒక మనిషి ఉంటాడు. మంచు అలా ఇవ్వదు. దిగి వస్తూ నేను ఆలోచించింది అదే.

నేను మాట్లాడని రోజులు

తిరిగి వచ్చేసరికి లోడింగ్ ఆఫీసరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఖాదర్ బాషా సంగతి చెప్పే పోయి ఉంటాడనుకున్నాను. అనుకున్నాను తప్ప, అడగలేదు.

ఒక వారానికి క్యాంటీన్‌లో గొడుగుల సెక్షన్ వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. విమానం పోయిన ఆ గందరగోళంలో నెల్లూరు దర్జీ పరారీ అయ్యాడట. కొత్త పెళ్ళికొడుకు కదా, ఇంటి మీద బెంగ పట్టుకుని ఉంటుంది అని ఒకడు నవ్వాడు. నేను చేతిలో ఉన్న టీ తాగి, గ్లాసు కడిగి, అక్కడ పెట్టి వచ్చేశాను.

ఈ భాగం మీరు జాగ్రత్తగా చదవాలి. జాబితాలో పేరు రాయకపోవడం తొందరలో జరిగింది. తొందరలో ఎవరైనా చేస్తారు. క్యాంటీన్‌లో నోరు మూసుకోవడం తొందరలో జరగలేదు. ఆ రోజు చెప్తే రాయనందుకు నన్ను పట్టుకుంటారని భయపడ్డాను. మరునాడు చెప్తే, నిన్న ఎందుకు చెప్పలేదంటారని భయపడ్డాను. ఆ మరునాడు ఇంకొంచెం ఎక్కువ భయపడ్డాను. అలా నెల దాటింది.

అప్పుడు గూడూరు నుంచి అతని అన్న రసూల్ ఉత్తరం వచ్చింది. ఇంతకుముందు నేను చదివిపెట్టిన చేతిరాతే. "పెంచలయ్యన్నకు రసూల్ రాసేది. మావోడు చెప్పకుండా పారిపోయినాడని మాకు కాయితం వచ్చింది. పోలీసులు ఇంటికొచ్చి పెట్టెలు తెరిచి, అటక మీద కూడా చూసిపోయినారు. మావోడు అట్టాంటోడు కాదని నీకు తెలుసు గదా. వాడు యాడుండాడో నీకేమన్నా తెలిసుంటే దయచేసి రాయి. మేము ఎవురికీ చెప్పం."

ఆ ఉత్తరం పట్టుకొని పిళ్ళై గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"ఎన్నాళ్ళయింది?" అన్నారు.

"నెల దాటిందండీ."

"అతని ఇంట్లో నెల అంటే ఎంతో తెలుసా నీకు?" అన్నారు. ఆయనే మళ్ళీ, "పైలట్‌కి పది వేళ్ళు చూపించావు కదా. విమానం లేచాక లోపల ఎంతమందో ఆయన రేడియోలో కంట్రోల్ టవర్‌కి చెప్పి ఉంటాడు. టవర్ రిజిస్టర్ చూద్దాం పద" అన్నారు.

చూశాం. పది అని ఉంది. ఆఫీసు జాబితాలో తొమ్మిది, టవర్ రిజిస్టర్‌లో పది. రెంటికీ మధ్య వంద గజాల దూరం. విచారణ చేసినవాళ్ళు కూడా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

పిళ్ళై గారు నన్ను పెద్ద ఆఫీసరు ముందుకు తీసుకుపోయారు. నేను అంతా రాసి ఇచ్చాను. బదిలీ అయిన ఆఫీసరును అడిగితే, తనకు గుర్తు లేదని జవాబు పంపాడు. ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. విమానాల పనిలో ఆయనంత తెలిసినవాళ్ళను నేను తరవాత ఒకరిద్దరినే చూశాను. అయితే ఆయన గుర్తు లేదని రాసిన ఆ ఒక్క మాట తరవాత, ఆయన్ని మంచి ఆఫీసరు అని ఎవరైనా అంటే నేను అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నా చేతి మీది హోదా పట్టీ తీసేసి ఇరవై ఎనిమిది రోజులు శిక్ష గదిలో పెట్టారు. రికార్డులో ఖాదర్ బాషాకు పరారీ కొట్టేసి, విమానంతో పాటు గల్లంతు, మరణించి ఉంటాడని భావిస్తున్నాం అని మార్చారు.

గూడూరులో

ఆ మారిన కాగితం ఇంగ్లీషులో పోతుంది. దాన్ని పోస్టాఫీసు దగ్గర ఎవరి చేతనో చదివించుకుంటారు. అంతకంటే ముందు నేనే చెప్పాలని సెలవు పెట్టి బయలుదేరాను. మా ఇంటికి కూడా పోకుండా నెల్లూరులో దిగి గూడూరు బస్సెక్కాను.

ఇంటి ముందు భాగంలోనే రసూల్ దుకాణం. నన్ను చూసి మిషను ఆపి లేచాడు. లోపల మంచం మీద వాళ్ళమ్మ మౌలాబీ కూర్చుని ఉంది. నా మిలిటరీ బూట్లు చూసి ఆమె మొహం వెలిగిపోయింది.

"దొరికినాడా నాయనా? వాణ్ణి ఏమీ చెయ్యరు గదా? పట్టుకున్నా కొట్టరు గదా?" అంది.

నేను రసూల్ వైపు చూశాను. అతను నన్ను బయటికి తీసుకొచ్చి గొంతు తగ్గించాడు. "ఉత్తరాలు రాకపోయేసరికి నెల రోజులు అమ్మ అన్నం ముట్టలేదన్నా. పోలీసులొచ్చి పారిపోయినాడని చెప్పినారే, ఆ పొద్దు నుంచి తింటా ఉంది. పారిపోయినాడంటే బతికే ఉండాడని గదా అంటది."

నేను చేసిన తప్పు ఇంత దూరం వచ్చి ఈ ఇంట్లో ఆశ అయి కూర్చుందని అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించిందంటే నమ్మండి.

"నీకు నేను చెప్పాల్సింది ఉంది రసూల్" అన్నాను. చెప్పాను. అతను గోడకు ఆనుకొని అంతా విన్నాడు. విన్నాక, "మా మరదలి సంగతి కూడా తేలాల" అన్నాడు. జైనాబీ నాన్న అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడట. పిల్ల మొగుడున్న ఆడదా, లేని ఆడదా అని అడిగాడట. వీధిలో ఆమెను పారిపోయినోడి పెళ్ళాం అంటున్నారట. మొగుడు పోయాడని నమ్మదగిన మనిషి చెప్తే తప్ప ఆమె ఇద్దత్‌లో కూర్చోడానికి లేదు. అంటే భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండటం. అది అయితే గానీ ఆమె బతుకు ముందుకు సాగదు.

రసూల్ మసీదులో నమాజు చదివించే హజరత్ గారిని పిలుచుకొచ్చాడు. తెల్లగడ్డం, నెమ్మదైన మనిషి. మౌలాబీ మంచం మీదే ఉంది. జైనాబీ లోపలి గది తలుపు వెనక నిలబడింది. తలుపుకు వేలాడే గుడ్డ కింద ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

నేను మొదటినుంచి చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. మౌలాబీ మధ్యలోనే అందుకుంది.

"వాడు గొడుగులు కుట్టేవాడు గదా నాయనా. గొడుగు పట్టుకొని దూకి ఉంటాడు. ఏ కొండోళ్ళ ఇంట్లోనో ఉంటాడు."

హజరత్ గారు నా వైపు తిరిగారు. "బాబూ, నువ్వు అతని శరీరం చూసినావా?"

"లేదండీ. ఎక్కడం చూసినా. తోక చూసినా. ముందు భాగం మంచు కింద ఉండాది. అతన్ని చూడలా."

"చూడలేదంట!" అంది మౌలాబీ. "విన్నారా, చూడలేదంట!"

అప్పుడు గుడ్డ వెనక నుంచి జైనాబీ మాట్లాడింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

"అన్నా, ఆయనకి గొడుగు ఉన్నిందా?"

"లేదమ్మా. అందులో ఉన్న గొడుగులన్నీ బస్తాలవి. మనుషులకు కట్టేది ఒక్కటి కూడా లేదు."

"దూకే వీలుందా?"

చూసినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు, చూసినదాంట్లో ఒక్క మాట దాచకూడదు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. తీరా ఇక్కడికి వచ్చాక నాలుక కదల్లేదు.

"చెప్పన్నా" అంది.

"పడిపోకుండా నడుముకు పట్టీ కట్టి విమానానికి తగిలిస్తారమ్మా. నేనే కట్టినా."

"గట్టిగా కట్టినావా?"

"రెండుసార్లు లాగి చూసినానమ్మా. గట్టిగానే ఉండింది."

బయట నిమ్మకాయల బండి ఒకటి వీధిలో పోయింది, ఆ చప్పుడు చివరిదాకా వినిపించింది.

"అయితే చాలు" అంది జైనాబీ. ఆ పాదాలు వెనక్కి పోయాయి. కాసేపటికి లోపల గాజులు తీసి పళ్ళెంలో పెడుతున్న చప్పుడు వచ్చింది. హజరత్ గారు కళ్ళు మూసుకొని ఏదో చదువుకున్నారు. రసూల్ మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

మౌలాబీ మాత్రం ఏడవలేదు. నన్నే చూస్తూ ఉంది. "నువ్వెందుకొచ్చినావు?" అంది. "నేను తింటా ఉన్నా, పండుకుంటా ఉన్నా. నిన్నెవురు రమ్మన్నారు? పో."

నేను లేచి వచ్చేశాను.

తరవాత

ఆ తరవాత ఇంకా చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. పట్టీ మళ్ళీ ఇచ్చారు. నా కింద పనిచేసినవాళ్ళు నన్ను మొండివాడనేవాళ్ళు. పేరు రాసేదాకా మెట్టు మీద కాలు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి చాలా పెద్ద ఆఫీసరును రెక్క కింద ఎండలో నిలబెట్టి పేరు రాసుకున్నాను. ఆయన మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీండి. మీకు కూడా అలాంటివాళ్ళు తగులుతారు. మబ్బు వస్తోందంటారు, టైము లేదంటారు, తరవాత చూసుకుందామంటారు. వాళ్ళు చెప్పేది చాలాసార్లు నిజమే. మబ్బు నిజంగానే వస్తుంది. అయినా ముందు రాయండి.

ఒకవేళ రాయలేకపోతే ఆ రోజే నోరు తెరిచి చెప్పండి. పై ఆఫీసరు చూసుకుంటానన్నాడని ఊరుకోవద్దు. ఆయనకు చూసుకోవాల్సినవి చాలా ఉంటాయి, అందులో తన ఉద్యోగం కూడా ఒకటి. ఇంతకంటే గొప్ప సలహా నా దగ్గర లేదు. కొత్తవాళ్ళకు ఇది చెప్పీ చెప్పీ అలిసిపోయాను. సగంమంది విన్నారు.

జైనాబీ ఇద్దత్ గడువు పూర్తయ్యాక కోట అనే ఊళ్ళో ఉన్న పుట్టింటికి పోయింది. రెండేళ్ళకు నాయుడుపేటలో ఒక గాజుల వ్యాపారికి ఇచ్చి చేశారు. పిల్లలు కూడా పుట్టారని రసూల్ రాశాడు. నేను ఆమెను మళ్ళీ చూడలేదు. చూసినా గుర్తుపట్టలేను, ఆమె మొహం నాకు తెలియదు.

అరవైల చివర్లో ఒకసారి సెలవులో ఇంట్లో ఉన్నప్పుడు రసూల్ నుంచి కార్డు వచ్చింది. అమ్మకు బాగాలేదు, నిన్ను చూడాలంటోంది అని. ఇన్నేళ్ళలో ఆమె నా పేరు ఎత్తలేదని నాకు తెలుసు. విమానం మాట ఎవరు ఎత్తినా లేచి అవతలికి పోయేదట. మళ్ళీ తిట్టడానికే పిలిచిందనుకున్నాను. తిట్టించుకోవడం న్యాయమే కదా అని పోయాను.

ఆమె చాలా చిక్కిపోయింది. నన్ను మంచం పక్కన కూర్చోమంది. రసూల్‌ను అవతలికి పొమ్మంది. నేను ఎదురు చూసిన మాట ఒక్కటీ అనలేదు.

"ఆ విమానానికి తలుపు ఉండదంటివే. వాడికి చలేసుంటాదా?" అని అడిగింది.

"ఏసుంటాదమ్మా. బాగా చలి."

"కోటు ఉన్నిందా?"

"ఉన్నిందమ్మా. పైకి పోవాలని తెలీదు గదా, వాడిది గదిలోనే పెట్టి వచ్చినాడు. నాది ఇప్పి తొడిగినా."

ఇది నన్ను ఎవరూ అడగలేదు. విచారణలోనూ అడగలేదు, హజరత్ గారూ అడగలేదు. నేనుగా చెప్పుకుంటే నా తప్పుకు తూకం వేసుకుంటున్నట్టు ఉంటుందని చెప్పలేదు.

మౌలాబీ నా చొక్కా చెయ్యి పట్టుకొని గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది. దర్జీ ఇంటి ఆడమనిషి చూసే తీరులో.

"మందంగా ఉంటాదా ఆ కోటు?"

"లోపల ఉన్ని ఉంటాదమ్మా. మోకాళ్ళ దాకా వస్తాది."

"గుండీలు పెట్టుకున్నాడా?"

"మెడ దాకా పెట్టుకున్నాడు."

ఆమె పైకప్పు వైపు తిరిగింది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి. తుడుచుకోలేదు. అన్నేళ్ళ తరవాత ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను.

"నీకు మళ్ళీ ఇచ్చినారా కోటు?" అంది.

"ఇచ్చినారమ్మా."

"రసూలూ" అని పిలిచింది. అతను గుమ్మం దగ్గరికి వచ్చాడు. "శుక్రవారం తమ్ముడి పేరు మీద ఫాతిహా చదివించు. నలుగురికి అన్నం పెట్టు."

ఫాతిహా పోయినవాళ్ళ కోసమే చదివిస్తారు. ఈ మాట కోసం ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఎదురు చూశారో నేను లెక్క వేయలేదు.

ఆమె నా చెయ్యి వదిలింది.

"ఇంక నువ్వు పో నాయనా" అంది. "పొద్దుపోతా ఉంది, బస్సు తప్పిపోద్ది."